ఉన్నతవిద్యకు సొమ్మెవ్వ రిచ్చిరి?

ఈ యేటి మహాసభ సంచికకు విద్యావిషయమున నొక వ్యాసము వ్రాయవలసినదని మన కార్యదర్శులు మమ్ము కోరియున్నారు. విద్యామాహాత్మ్యమును గూర్చి వ్రాయుట సులభమే. నాలుగు సుభాషితములు చేర్చినచో వ్యాసము పూర్తియగును. అట్టివి మన సంచికలలో ప్రతియేటను ప్రకటింపబడుచునే యున్నవి. విద్య యెంత గొప్పదో యెఱుగనివారు మనలో నిప్పుడు లేరు. దానికి సొమ్మెచ్చటినుండి తేవలయునో యెఱుగనివారు మాత్రము పెక్కురు గలరు. ముప్పది యేండ్లకు మించి ఉన్నత పాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి పొందిన మాకు జూను మాసమనగానే తలిదండ్రుల ముఖములు జ్ఞప్తికి వచ్చును. కుమారుడు పరీక్ష తప్పిన యింట దుఃఖము నాలుగు దినములు. ఉత్తీర్ణుడైన యింట చింత నాలుగేండ్లు. కావున ఆంధ్రదేశమున ఉన్నతవిద్యకు వేర్వేఱు కాలములందు సొమ్మెవ్వరిచ్చిరి, ఏ రీతిగా నిచ్చిరి, ఆ భారము తుదకెవ్వరిపై బడెను అను విషయమును మాకు తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

పూర్వము మన దేశమున విద్య యుచితముగా లభించెడిదనియు, విద్యను విక్రయించుట ఇంగ్లీషువారు వచ్చిన పిమ్మటనే పుట్టినదనియు మనవారు తఱచుగా ననుచుందురు. వేదికపై నీ మాట చెప్పినవారికి కరతాళధ్వనులు కూడ లభించును. ఇందు సగము నిజము. శిష్యుడు నెలనెలకు రుసుము చెల్లింపకపోవుట నిజమే. కాని గురువును, ఆయన కుటుంబమును, శిష్యులును భుజింపకుండ నుండలేదు గదా! ఆ ధాన్యము నెవ్వరో కొలిచిరి. రఘువంశ పంచమ సర్గమందలి కౌత్సుని కథ మన సంస్కృత విద్యార్థు లందఱు చదివినదే. నీ శుశ్రూషయే చాలునని గురువైన వరతంతు వనగా శిష్యుడు వినక నిర్బంధించెను. గురువునకు కోపము వచ్చి, పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి మట్టిపాత్రతో నర్ఘ్యమిచ్చుచున్న రఘుమహారాజు కుబేరునిపై దండెత్తుటకు సిద్ధపడెను; అంతట కోశగృహమున కనకవర్షము కురిసినది. రాజు అంతయు తీసికొమ్మనగా, గురువునకు చెల్లవలసినదానికంటె నొక్క కాసైనను ఎక్కువ గైకొనుటకు కౌత్సుడు సమ్మతింపడయ్యెను. కావ్యరసమును విడిచి లెక్క మాత్రము చూతము. చదువు కాలమున వ్యయము లేదు. చదువు ముగిసిన పిమ్మట ఒక్కసారిగా పెద్ద ఋణము. దానిని తీర్చుటకు రాజాశ్రయము. ఈనాటి బ్యాంకు ఋణపు రూపురేఖ లిందు లేవా? భేదమేమనగా కౌత్సునకు దొరకిన రఘువు మన పిల్లలకు దొరకుట లేదు.

కావ్యకథలు చాలును, శాసనములకు వత్తము. గుంటూరు మండలమున మందడము చెంత మల్కాపురమున క్రీ.శ. 1261 నాటి శిలాశాసనము గలదు. కాకతి రుద్రమదేవి కాలమున, గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునకు మందడము, వెలగపూడి గ్రామము లొసగబడిన వృత్తాంతమందు చెక్కబడియున్నది. ఆ దానముపై వచ్చెడి రాబడినుండి ప్రసూతిశాలకును, మఠమున చదువుకొను విద్యార్థులకును, అన్నసత్రమునకును భాగములు నియమించిరి. వేదములకును, పదవాక్యప్రమాణ సాహిత్యాగమములకును వేర్వేఱుగ అధ్యాపకు లుండిరి. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు అన్నము పెట్టవలయునని నియమము. 2016లో సచివాలయము కట్టిన వెలగపూడి యిదియే. ఉచితవిద్య యనగా నట్టిది: రెండు గ్రామముల కృషీవలుల చెమట ఒక మఠమున విద్యార్థులకు పుస్తకమును అన్నమును అయ్యెను. ఆ కృషీవలుల బిడ్డలలో నెందఱు ఆ మఠమున చదివిరో శాసనము చెప్పుట లేదు.

ఇంగ్లీషువారు రాజ్యమునకు వచ్చిన పిమ్మట ఆ మాన్యములు పెక్కు సడలిపోయినవి. చెన్నపట్టణపు గవర్నరు మన్రో 1822లో నాజ్ఞాపింపగా కలెక్టరులు పాఠశాలల లెక్కలు తీసిరి. 1826 మార్చి నాటి ఆయన నివేదికలో రాజధాని యంతటను 12,498 పాఠశాలలును 1,88,650 మంది విద్యార్థులును కనబడుచున్నారు. అందు ఉన్నతశాస్త్రములు బోధించు స్థానములు ఒక్క రాజమహేంద్రవరపు జిల్లాయందే 279, విద్యార్థులు 1,454. గుంటూరు జిల్లాలో 171 చోట్ల 939 మంది చదువుచుండిరి. వీనిలో ననేకములు పండితుల గృహములే గాని వేఱు భవనములు కావు. బళ్లారి కలెక్టరు క్యాంబెలు 1823లో వ్రాసిన నివేదిక మఱింత విచారకరము. తన జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు గలరని చెప్పి, ప్రజలు నానాటికి దరిద్రులగుచుండుటచే పిల్లవానికి కాలుచేతులలో బలము వచ్చుటతోడనే పనికి పంపుచున్నారనియు, చదువు క్షీణించుటకు ఇదియే ముఖ్యకారణమనియు ఆయన వ్రాసెను. రెండు నూఱుల సంవత్సరములు గడచినవి. ఇంటర్మీడియటు ముగించి పట్టణపు దుకాణములలో చేరుచున్న మన పిల్లలను చూచునపుడు ఆ నివేదిక పాతదని మాకు తోచదు.

వీధిబడి అయ్యవారికి దసరా పండుగనాడు పిల్లలు విల్లంబులు పట్టుకొని యింటింటికి తిరిగి వరుమానము సేకరించి యిచ్చుట మన పెద్దలు చూచినదే. కాని అంతకు మీది చదువునకు మన దేశమున ప్రధానాధారముగా నుండినది మఱియొకటి: వారములు. దీనిని గూర్చి కొంత విరివిగా వ్రాయుట యవసరము. ఏలయన నేటి బాలురకు ఆ మాటయే తెలియదు. పరగ్రామమున చదువుకొనవచ్చిన పేదబాలుడు ఏడిండ్ల గృహిణుల నాశ్రయించి, సోమవార మొకరింట, మంగళవార మింకొకరింట, ఇట్లు వారమునకొక్క దినము చొప్పున భోజనము కుదుర్చుకొనెడివాడు. ఏడవ యిల్లు కుదురనివానికి ఆ దినము మంచినీళ్లే. ఆ యింట అశౌచము గాని ప్రయాణము గాని సంభవించినచో ఆ దినమును పస్తే. భోజనమునకు ప్రతిఫలముగా బజారు పనులు, నీళ్లు తోడుట, ఆ యింటి చిన్నపిల్లలకు అక్షరములు దిద్దించుట సర్వసామాన్యము. ఈ పద్ధతిలో దాతకు ధనము వెచ్చింప బనిలేదు. వండిన దానిలో నొక విస్తరి యధికము. పేద గృహస్థు కూడ విద్యాదాత కాగలిగెను. ఇది దాని గొప్ప. దాని కీడును చెప్పవలయును గదా. ఇంటిల్లిపాది భుజించిన పిమ్మట మిగిలినది తిని చదివిన బాలుని మనస్సున ఆ యవమానము ముదిమివఱకు నిలిచియుండెడిది. మఱియు వారములు కొన్ని కులముల పిల్లలకే దొరకెడివి. పంక్తికి రానీయని వానికి వారమెవ్వ రిత్తురు? దళితబాలునకు ఏడిండ్లును మూసియే యుండెను. వారముల నాటి రోజులను స్వర్ణయుగముగా వర్ణించువా రీ సంగతి మఱచుట తగదు.

గురజాడ అప్పారావుగారు విజయనగరమున చదువుకొను దినములలో మహారాజ కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు తమ యింటనే యుంచుకొని యన్నము పెట్టిరి. ఆ యాశ్రయముతో ఆయన 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. ముగించెను. గురువే అన్నదాత యగుట గురుకులపు ఆచారము. అది ఇంగ్లీషు కళాశాల యావరణములోనికి కూడ నిట్లు ప్రవేశించినది.

1857లో చెన్నపట్టణమున విశ్వవిద్యాలయము స్థాపింపబడుటతో వ్యయస్వరూపమే మాఱినది. అంతవఱకు విద్యకు కావలసినవి అన్నమును గురువును. ఇప్పుడు రుసుము, అచ్చుపుస్తకములు, పరీక్షాశుల్కము, బస, ప్రయాణము, దుస్తులు. ఇవి యన్నియు రొక్కమే. గాదెలోని ధాన్యము పనికిరాదు. రాజమహేంద్రవరపు పాఠశాల 1873లోను, విజయనగరపుది 1879లోను, కాకినాడలోని పిఠాపురపు రాజావారి పాఠశాల 1884లోను కళాశాలలైనవి. బందరున నోబిలు దొర 1843లో స్థాపించిన పాఠశాలయు అటులనే పెరిగినది. అయినను న్యాయశాస్త్రమో వైద్యమో కావలసినవారు చెన్నపట్టణమునకు పోవలసినదే. బెజవాడ నుండి చెన్నపట్టణమునకు రైలుమార్గము పూర్తియైనది 1899లో గాని కాదు. అంతవఱకు కాలువ పడవలు, బండ్లు, సముద్రపు ఓడలు. పరీక్షలో నొకసారి తప్పిన యెడల సంవత్సరపు వ్యయము రెట్టింపు. 1892లో ప్రథమముగా ప్రదర్శింపబడిన కన్యాశుల్క నాటకమున అగ్నిహోత్రావధానులు కుమారుని ఇంగ్లీషు చదువుపై పెట్టిన సొమ్మునకు గొణుగుటయు, గిరీశము పుస్తకముల పట్టిక పేర సొమ్ము రాబట్ట జూచుటయు జూచి మన మందఱము నవ్వుదుము. అదే యింట చిన్నకూతురు వెలకు సిద్ధముగా నున్నది. ఆ రెండు లెక్కలును ఒకే గృహస్థునివి యని గమనించిన పాఠకునకు నవ్వు తగ్గును.

స్త్రీల మాట వచ్చినది కావున చెప్పుచున్నాము. మన చరిత్రకారులు జమీందారుల విరాళములను సవిస్తరముగ వ్రాసిరి. జయపురాధీశ్వరుడైన విక్రమదేవవర్మ ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఏటేట లక్షరూపాయ లిచ్చుట కీర్తనీయమే. 1926లో పుట్టిన యా విద్యాపీఠము నిలద్రొక్కుకొనుట కది యాధారమయ్యెను. కాని యెందఱో తల్లుల విరాళములకు శిలాఫలకములు లేవు. టంగుటూరి ప్రకాశముగారు బాల్యముననే తండ్రిని గోల్పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పోషించి చదివించెను. నాటి సంఘమున పూటకూళ్ల వృత్తి గౌరవప్రదము కాదు. ఆమె దానిని లెక్కింపలేదు. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసెను. పొయ్యి ముందు కూర్చున్న యొక వితంతువు, ఒక బడిపంతులు. ఈ యిద్దఱి పెట్టుబడిపై ఆంధ్రరాష్ట్రపు ప్రథమ ముఖ్యమంత్రి తయారయ్యెను. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు తత్త్వశాస్త్రమును ఎంచుకొనుటకు కారణము కూడ నిట్టిదే: బంధు వొకడు చదువు ముగించి తన పుస్తకములు ఊరక యిచ్చెను, పుస్తకముల వ్యయము తప్పినది గనుక ఆ శాస్త్రమే చదివిరి. పిల్లవాని యభిరుచి యని మనము గొప్పగా చెప్పుకొనుదానిలో గృహపు జమాఖర్చు ఎంతగలదో యోచింపుడు.

మఱియొక దాత గలడు. అతని పేరు మామగారు. పందొమ్మిదవ శతాబ్దపు చివర నుండియు చదువుకొన్న వరునకు వెల హెచ్చుచు వచ్చినది. కన్యాశుల్కము తగ్గి వరశుల్కము ప్రబలెను. బి.ఏ. వ్యయమును, సీమచదువు వ్యయమును పిల్లనిచ్చినవాడే భరించుట యాచారమైనది. ఇందుకు మేలైన యుదాహరణము లేకపోలేదు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు వైద్యపరిశోధనకై 1920ల తొలినాళ్లలో అమెరికా పోవునపుడు మామగారు సొమ్ము కూర్చుటయు, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సహాయము వాగ్దానము చేయుటయు జరిగినవి. సత్యలింగనాయకరు కోరంగి ప్రాంతమున పుట్టి రంగూనున వ్యాపారము చేసి ధనార్జన చేసినవాడు. ఒక సముద్రవ్యాపారి గడించిన సొమ్ము, ఒక మామగారి పూనిక కలిసి లోకమునకు ఔషధములు నిచ్చిన శాస్త్రజ్ఞుని ఓడ నెక్కించినవి. కాని యిట్టి యుదాహరణమును చూపి కట్నమును విద్యాదానమని సమర్థించుట మేము సహింపము. ఆ సొమ్ము ఎవతె చదువు మాన్పించి కూడబెట్టినది? 1961లో వరకట్న నిషేధశాసనము వచ్చిన పిమ్మటను మన యిండ్లలో కొడుకు కళాశాలకు పొలమమ్ముటయు, కూతురి కళాశాల మాట రాగానే పెండ్లికి దాచవలెననుటయు మానలేదు. ఈ విషయమున మన సంఘము ఇతరులకంటె మిన్న యని చెప్పుకొనుటకు మాకు ధైర్యము చాలదు.

ఇక కులసంఘముల వంతు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో రైళ్లును కళాశాలలును పెరిగి, పల్లెల బాలురు పట్టణములకు వచ్చిరి, భోజనవసతి దుర్లభమయ్యెను. వారములకు బదులుగా వసతిగృహములు వెలసెను. ఏడిండ్ల విస్తళ్లు ఒకే వంటశాలకు చేరినవన్నమాట. హైదరాబాదున 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారు స్థాపించిన రెడ్డి వసతిగృహము వీనిలో సుప్రసిద్ధము. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా నుండిరి. ఆ యేడే ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూమాధ్యమముతో పుట్టినది గనుక, తెలుగు పల్లెల బాలునకు బసయేగాక పరభాష నేర్చు భారమును పైబడెను. వసతిగృహపు సాహచర్యము అందులకు తోడ్పడెను. ఇట్లే అనేక సంఘములు వసతిగృహములను, విద్యానిధులను నెలకొల్పినవి. మన సంఘమును అందొకటి. ఈ యుద్యమము మన వారికి చేసిన మేలు అపారము. కాని దాని లోపము దానిలోనే యున్నది. ధనికులున్న కులమునకు వసతిగృహము వచ్చును. అందఱును పేదలే యైన కులమున చందా లిచ్చువారెవరు? రఘుపతి వెంకటరత్నమునాయుడుగారు 1904 మొదలు 1919 వఱకు కాకినాడ కళాశాలకు అధ్యక్షులై, అనాథులకును హరిజన విద్యార్థులకును ఆశ్రయము కల్పించి, తమ జీతమునే పేదల రుసుములకు వెచ్చించిరి. అట్టివారు వేళ్లపై లెక్కింపదగినవారు. 1944లో భారత ప్రభుత్వము షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను పై చదువులకు వేతనము లేర్పఱచుటతో గాని ఆ తలుపు తెఱవబడలేదు.

స్వాతంత్ర్యానంతర చరిత్ర పాఠకు లెఱిగినదే, త్వరగా ముగింతుము. 1945లోనే తిరుపతి దేవస్థానపు సొమ్ముతో కళాశాల వెలసెను. 1954లో అచ్చట విశ్వవిద్యాలయము వచ్చెను. ప్రభుత్వ కళాశాలలు అల్పరుసుములతో ముప్పదేండ్లు నడచినవి. పిదప స్వంత కళాశాలలు వెలసి, సీటునకు వెల వచ్చెను. 1983లో మన రాష్ట్రమున క్యాపిటేషను రుసుమును నిషేధించుచు శాసనము చేసిరి. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానము ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అను విభాగము చేసినది. 2002లో పదునొకండుగురు న్యాయాధిపతుల పీఠము ఆ యేర్పాటును త్రోసివేసెను. 2008లో రాష్ట్రప్రభుత్వము రుసుము తిరిగి చెల్లించు పథకమును విస్తరించినది. అప్పటినుండి వేలకొలది పేద యిండ్ల పిల్లలు ఇంజనీర్లైరి. ప్రభుత్వపు సొమ్ము ఆలస్యమైన యేడు ధ్రువపత్రములు చేతికిరాక కార్యాలయముల చుట్టు తిరిగిన పిల్లలను మేమెఱుగుదుము.

మిగిలినది బ్యాంకు. 2001లో విద్యాఋణముల యాదర్శపథకము వచ్చెను. నాలుగు లక్షలవఱకు పూచీ యడుగరాదు. 2015 నుండి ఏడున్నర లక్షలవఱకు ప్రభుత్వపు పూచీనిధి యున్నది. 2024 నవంబరులో ఆమోదింపబడిన విద్యాలక్ష్మీ పథకమున ఎంపికైన విద్యాసంస్థలలో ప్రవేశము పొందినవారికి తాకట్టు లేక ఋణము దొరకును. మనవారు పదింట తొమ్మిదిమంది ఈ మాట వినక నూటికి రెండు రూపాయల వడ్డీకి షావుకారు నాశ్రయించుచున్నారు. నెలకు నూటికి రెండనగా ఏటికి ఇరువది నాలుగు. పొలము పోవుట కింతకంటె మార్గము లేదు.

ఋణపు లెక్క యొకటి చెప్పుదుము. ఏటికి లక్ష చొప్పున నాలుగేండ్లు, నూటికి పది వంతున సాధారణవడ్డీకి తీసికొంటిమనుకొనుడు. చదువు కాలమును పిమ్మట నొక యేడును వాయిదా లుండవు. వడ్డీ మాత్రము పెరుగుచుండును. మొదటియేడు పదివేలు, రెండవయేడు ఇరువదివేలు, మూడవయేడు ముప్పదివేలు, తక్కిన రెండేండ్లును నలువదేసివేలు. వెరసి లక్షా నలువదివేలు. ఆ వడ్డీని అప్పటికప్పుడు చెల్లించు గృహస్థు నాలుగు లక్షలు తీర్చిన చాలును. ఊరకున్నవాడు అయిదు లక్షల నలువదివేలతో ప్రారంభింపవలయును. మొదటియేడు నెలకు ఎనిమిదివందల ముప్పది నాలుగు రూపాయలు గదా. బండి పెట్రోలు ఖర్చు.

పొదుపు లెక్క మఱియొకటి. బిడ్డకు మూడేండ్ల ప్రాయమునుండి నెలకు వేయిరూపాయలు నూటికి ఏడు వంతున పదునైదేండ్లు దాచిన, కట్టిన లక్షా ఎనుబదివేలు మూడు లక్షల పదునాఱువేలకు మించును. పదియవ యేట మొదలిడి ఎనిమిదేండ్లు దాచిన లక్షా ఇరువది ఎనిమిదివేలు మాత్రమే. ఆడబిడ్డలకు 2015 నుండి సుకన్యాసమృద్ధి ఖాతా గలదు, పదియేండ్లలోపు తెఱవవలయును, పదునెనిమిదవ యేట సగమువఱకు చదువునకు తీసికొనవచ్చును. ఆ సొమ్ము పెండ్లికని గాక చదువునకని పుస్తకముపై తల్లియే వ్రాసియుంచుట మంచిదని మా యభిప్రాయము. చీటీలు కట్టువారు రిజిస్టరు కాని చీటీలలో బిడ్డ చదువు సొమ్మును పెట్టకుందురు గాక.

తుదకు మన విద్యానిధిని గూర్చి. ప్రస్తుతము ర్యాంకులు పొందినవారికి సభలో శాలువయు కవరును ఇచ్చుచున్నాము. ర్యాంకు పొందినవానికి ప్రభుత్వమో కళాశాలయో ఇచ్చుచునే యున్నది. నూటికి అఱువది మార్కులతో గట్టెక్కి మొదటి రుసుమునకు వెదకుకొనుచున్నవాని కెవ్వరు నిచ్చుట లేదు. ఈ యేటినుండి సగము సొమ్మును వడ్డీలేని ఋణముగా నిచ్చి, ఉద్యోగము వచ్చిన పిమ్మట వాయిదాలలో తిరిగి పుచ్చుకొనవలయుననియు, అందు సగము తక్కువ గాకుండ బాలికలకు చెందవలయుననియు, పదింట నొక వంతు కులభేదము లేక ఊరిలోని మిక్కిలి పేదబిడ్డకు కేటాయింపవలయుననియు మేము కార్యవర్గమునకు వ్రాసి యిచ్చియున్నాము. మూడవ యంశముపై కొందఱు పెద్దలు అసమ్మతి తెలిపిరి. వారి కభ్యంతరమున్నచో సభలో చెప్పుదురు గాక. మల్కాపుర శాసనపు ప్రతిని మేము వెంట తెచ్చుచున్నాము. నాలుగవ యంశమున మాత్ర మెవ్వరికి నభ్యంతరము లేదు. అదేమనగా, సొమ్మును దసరా సభవఱకు దాచక, కళాశాలలో పేరు చేర్చుకొను గడువునకు ముందే ఆ బాలుని తండ్రి చేతికి గాక కళాశాల ఖాతాకు పంపుట. దరఖాస్తులు మే నెల ముప్పదియొకటవ తేదీలోపల శాఖా కార్యదర్శులకు చేరవలయును.